తాయారు సెల్లు, నూకరాజు సెల్లు

శుద్ధ తదియ

పోటు ఆలస్యంగా వచ్చింది. మైకు జాలీ మీద పేరుకున్న ఉప్పు తుడిచి వార్తలు చదివాను. పొగమంచు మధ్యాహ్నం దాకా ఉంటుంది. తూర్పు వరస పంట్లకు తాళ్లు మార్చే పని రేపటికి వాయిదా పడింది. మందు పంపిణీ శుక్రవారం. బూజుదగ్గు ఉన్న పిల్లలకు కొంచెం అదనంగా ఇస్తారు. ఇంతకంటే వార్తలేమీ లేవు.

మధ్యాహ్నం నూకరాజుకీ మంగతాయారుకీ పెళ్లి. నూకరాజు సోలార్ పలకల మీద ఉప్పు కడుగుతాడు. తాయారు వలల షెడ్డులో పని చేస్తుంది. తాళి కట్టాక బ్యాటరీ సెల్లుల మార్పు నా చేతుల మీదుగా జరగాలని రెండు వైపుల వాళ్లూ అడిగారు. పంటూరులో ఈ మధ్య చాలా పెళ్లిళ్లలో నేనే మారుస్తున్నాను. పొద్దున్నే అందరికీ వినిపించే గొంతు కదా, మంచి జరుగుతుందని నమ్మకం.

ఇక్కడ ప్రతి మనిషి దగ్గరా ఒక ఆవిరిబుర్ర ఉంటుంది. అందులో మందు పోసి, పూటకోసారి పీల్చకపోతే నీటి తేమకు ఊపిరితిత్తుల్లో బూజు పడుతుంది. బుర్రలో రెండు బ్యాటరీ సెల్లులు ఉంటాయి. పెళ్లిలో వరుడి సెల్లు ఒకటి తీసి వధువు బుర్రలో, ఆమెది ఒకటి తీసి అతని బుర్రలో పెడతాం. ఒకరి ఊపిరిలో సగం ఒకరి దగ్గర ఉన్నట్టు. ఈ ఆచారం ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఊళ్లు మునిగి, బల్లకట్టు లాంటి ఈ పంట్లన్నీ ఒకదానికొకటి కట్టుకుని వాటి మీదే బతకడం మొదలైన రోజుల నుంచీ ఉంది.

తాయారు తన బుర్ర నా ఒళ్లో పెట్టింది. "మా మామ్మదండి. పెళ్లికని చెప్పి నిన్ననే ఛార్జింగ్ ఎక్కించేసాను. నిండుగా ఉంది" అంది.

"నాది పొద్దుట్నించీ పీలుస్తానే ఉన్నానండి. అడుగంటేసి ఉంటది" అన్నాడు నూకరాజు.

"పెళ్లి భయానికి మందు లేదురా బాబూ, ఎంత పీల్చినా తగ్గదు" అంది ఎవరో పెద్దావిడ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తాయారు సెల్లుల మీద తొడుగు రంగు వెలిసిపోయింది. నూకరాజువి కొత్తవి. ఒకటి అటు, ఒకటి ఇటు మార్చి మూతలు బిగించాను. రెండు బుర్రలకూ ఆకుపచ్చ దీపం వెలిగింది. అక్షింతలు వేశారు. చేపల పులుసు బాగుంది.


శుద్ధ అష్టమి

ఉదయం వార్తలు అయిన కాసేపటికి పడమటి వరసలో మంటలు లేచాయి. నూకరాజు పంటు మీద. ఇక్కడ నీటి మధ్యన ఉన్నా అందరూ భయపడేది నిప్పుకే. పంట్లన్నిటికీ కింద తారు, మీద ప్లాస్టిక్కు.

నూకరాజు బుర్రను ఛార్జింగ్ నుంచి తీసి నోట్లో పెట్టుకున్నాడు. మొదటి పీల్పుకే పేలింది. కుడి అరచెయ్యి, గడ్డం, మెడ కాలాయి. విసిరేసిన బుర్ర పరదా మీద పడింది. పరదా నుంచి పక్క పంటు మీది ఎండుచేపల అటకకు అంటుకుంది. తాళ్లు కోసి ఆ రెండు పంట్లనూ వేరు చేసి ఇసుక పోసి ఆర్పారు. ప్రాణాలు పోలేదు. నూకరాజు ఆసుపత్రి పంటులో ఉన్నాడు. మాట్లాడలేడు.

ఛార్జింగ్ గదికి వెళ్లాను. అక్కడి అధికారి శేషగిరి. బుర్రలన్నిటినీ ఏటా పరీక్ష చేసి ముద్ర వేసేది ఆయనే.

"ఏం జరిగిందండీ?" అన్నాను.

"ఇంకేం జరుగుద్దండి? డైరెక్టు కొట్టేసుంటాడు. కొత్త పెళ్లికొడుకు కదండీ. పెళ్లాం ముందు పొగ గుప్పుగుప్పుమనాలి."

"అంతేనంటారా?"

"రెగ్యులేటర్ ఉన్న బుర్ర పేలడం నా సర్వీసులో చూళ్లేదు. దాని పనే అది కదండీ. వోల్టేజి ఎక్కువైతే కట్, తక్కువైతే కట్. అది పేలిందంటే దాన్ని తప్పించినట్టే."

డైరెక్టు కొట్టడమంటే రెగ్యులేటర్‌ను పక్కన పెట్టి తీగలు సూటిగా కలపడం. ఆవిరి దట్టంగా వస్తుంది, ఆపేది ఏదీ ఉండదు. మా దగ్గర దాన్ని మించిన నేరం లేదు. చేసినవాడి మందు వాటా రద్దు చేసి, మునగకుండా మిగిలిన గట్టుకి పంపేస్తారు. గట్టు మీద మందు దొరకదు. వానాకాలం మొదలైతే అక్కడ ఊపిరి ఎన్నాళ్లు ఆడుతుందో అందరికీ తెలుసు.

కాలిన బుర్ర శేషగిరి కుర్చీ వెనకాల ఇసుక బకెట్టులో ఉంది. నేను దాన్ని చూశాను. దాని గురించి ఏమీ అడగలేదు.

మధ్యాహ్నం వార్తల్లో ఇలా చదివాను. "ఉదయం పడమటి వరసలో జరిగిన అగ్నిప్రమాదానికి కారణం, నూకరాజు అనే యువకుడు తన ఆవిరిబుర్రను డైరెక్టు కొట్టడం." వాక్యం చిన్నది. నాకు చిన్న వాక్యాలే ఇష్టం.


శుద్ధ నవమి

నూకరాజు మందు వాటాను పంచాయితీ నిలిపివేసింది. పున్నమి నాడు విచారణ. నేరం తేలితే గట్టుకి పంపుతారు. ఎండుచేపలు పోగొట్టుకున్న కుటుంబం ఆసుపత్రి పంటు దగ్గర నిలబడి తిట్టింది. వార్త త్వరగా, సూటిగా ఇచ్చానని నలుగురైదుగురు మెచ్చుకున్నారు.

సాయంత్రం తాయారు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మాయన డైరెక్టు కొట్టలేదండి."

"నువ్వు పక్కనే ఉన్నావా ఎప్పుడూ?"

"స్క్రూ బిగించడం కూడా రాదండి ఆయనకి. మా పంటు తలుపు గడియ నేనే బిగించాను."

"తాయారూ, నేను వార్త చెప్పేదాన్ని. ఎవరి మీదా నాకు కోపం లేదు. ఆధారం ఉంటే పట్టుకురా, అదీ చదువుతాను."

ఆమె కాసేపు నా మొహం చూసింది. "మీకు ఆధారం ఎవరిచ్చారండి?" అంది.

శేషగిరిగారు చెప్పారన్నాను. తల ఊపి వెళ్లిపోయింది. అమ్మాయికి భర్త మీద నమ్మకం, అది సహజం అనుకున్నాను. అనుకున్నది అనుకున్నట్టే ఇక్కడ రాస్తున్నాను.


శుద్ధ దశమి

తాయారు మళ్లీ వచ్చింది. తడిగుడ్డలో చుట్టి తన బుర్ర తెచ్చింది. మామ్మ బుర్ర.

"పట్టుకోండి" అంది.

పట్టుకున్నాను. గుడ్డలోంచి కూడా వేడి తెలుస్తోంది.

"ఇప్పుడే ఛార్జింగ్ లోంచి తీశానండి. పెళ్లైన కాణ్ణించీ ఇలాగే కాలిపోతంది. అంతకు ముందెప్పుడూ లేదు. మరి నేను కూడా డైరెక్టు కొట్టానంటారా?"

మూత కింద శేషగిరి వేసిన లక్కముద్ర చూశాను. చెక్కుచెదరలేదు. ముద్ర పగలగొట్టకుండా రెగ్యులేటర్ దగ్గరికి పోలేరు. సెల్లుల అర మాత్రమే బయటి నుంచి తెరుచుకుంటుంది.

ఇద్దరం ఛార్జింగ్ గదికి వెళ్లాం. శేషగిరి బుర్రకు మీటరు పెట్టాడు.

"ఎనిమిది పాయింట్ నాలుగు. నిండుగా ఉంది. దీపం ఆకుపచ్చ. బంగారంలా ఉందమ్మా. వేడంటావా, ఎండగా ఉంది మరి."

"సెల్లులు తీసి విడివిడిగా చూడండి" అన్నాను.

"ఎందుకండీ? రెగ్యులేటర్ చూసేది మొత్తాన్నే కదా."

"అందుకే."

విసుక్కుంటూ తీశాడు. నూకరాజు కొత్త సెల్లు మూడు పాయింట్ తొమ్మిది చూపించింది. తాయారు పాత సెల్లు నాలుగున్నర. ఏ సెల్లూ నాలుగు పాయింట్ రెండు దాటకూడదు. రెండూ కూడితే లెక్క సరిపోతుంది. చెంబునూ బిందెనూ ఒకే ధార కింద పెట్టి, రెండింటిలో కలిపి ఇన్ని నీళ్లు రావాలని కొలిస్తే, చెంబు పొర్లుతున్న సంగతి కొలిచేవాడికి తెలియదు. ఇందులో నిండు సెల్లు పక్కన సగం ఖాళీ సెల్లు, పాతదాని పక్కన కొత్తది. రెగ్యులేటర్ తన పని తాను సరిగ్గానే చేసింది.

శేషగిరి మీటరును మళ్లీ పెట్టి చూశాడు. అదే అంకె.

"అదేంటండీ, వేరే సెల్లు ఎవరు పెట్టారిందులో?" అన్నాడు.

తాయారు నా వైపు చూసింది. నేను వేరే ప్రశ్న అడిగాను.

"నూకరాజు బుర్ర విప్పి చూశారా?"

"విప్పడమెందుకండీ? పంచాయితీకి నివేదిక కూడా ఇచ్చేశాను."

"చూడకుండా ఏమని ఇచ్చారు?"

"మీరు వార్తల్లో చెప్పారు కదండీ డైరెక్టు కొట్టాడని. మీరు వాకబు చెయ్యకుండా చెప్పరని ఊరందరికీ తెలుసు. అదే రాశాను."

ఆయన ఊహను నేను వార్త చేశాను. నా వార్తను ఆయన ఆధారం చేశాడు. ఇంతకాలం ఈ పనిలో ఉన్నాను. ఒక్క ప్రశ్న, విప్పి చూశారా అని, ఆ రోజే అడిగి ఉంటే సరిపోయేది.


శుద్ధ ఏకాదశి

పొద్దున్నే శేషగిరి చేత ఇసుక బకెట్టులోని బుర్రను విప్పించాను. ఒక సెల్లు చీలిపోయి లోపలిదంతా బయటికి కక్కింది. పైతొడుగు ముక్క ఒకటి మిగిలింది, రంగు వెలిసినది. రెండో సెల్లు మసిబారింది కానీ నిలిచింది. రెగ్యులేటర్ పలక ఒక మూల కాలింది. లక్కముద్ర కరిగి అక్కడే అంటుకుని ఉంది. తీగలు వేటి చోట అవి ఉన్నాయి. డైరెక్టు కొట్టలేదు.

"నివేదిక మార్చండి" అన్నాను.

"మీరు ముందు వార్త మార్చండి. నేను తర్వాత చూస్తాను."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

సవరణ రాయడానికి కూర్చున్నాను. మొదట రాసింది ఇది. "నూకరాజు డైరెక్టు కొట్టలేదు. పెళ్లిలో నేను మార్చిన సెల్లు వల్ల బుర్ర పేలింది. తెలుసుకోకుండా అతన్ని నేరస్తుణ్ణి చేశాను." చదివి చూసుకున్నాను. ఈ ఊళ్లో ఎన్ని ఇళ్లలో నేను సెల్లులు మార్చానో గుర్తుకొచ్చింది. రేపటి నుంచి నా గొంతు వింటే జనం ఏమనుకుంటారో కూడా గుర్తుకొచ్చింది. ఆ కాగితం పక్కన పెట్టాను.

మైకులో చదివింది ఇది. "పడమటి వరస ప్రమాదంపై అదనపు సమాచారం అందింది. బుర్రలో సరిజోడు కాని సెల్లు ఉన్నట్టు తెలుస్తోంది. సెల్లులు కలిపి వాడేవారు బుర్ర వేడెక్కితే ఛార్జింగ్ గదికి తీసుకురాగలరు."

ఒక్క అబద్ధం లేదు. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు ఇలాంటి వాక్యాలు రాసుకొస్తే నేను కొట్టేసేదాన్ని.


శుద్ధ ద్వాదశి

మందు కొట్టు దగ్గర వరసలో నిలబడ్డాను. నా ముందున్న ఇద్దరు ఆడవాళ్లు నన్ను చూడలేదు.

"డైరెక్టు కాదంట. ఎక్కడో సెల్లు కొట్టుకొచ్చి వేసుకున్నాడంట."

"ఆ, వార్తల్లో చెప్పింది కదా, సరిజోడు కాని సెల్లని. దొంగ సెల్లు కాకపోతే జోడు లేకుండా ఎలా వస్తది?"

"దొంగతనం కూడానా. పాపం ఆ పిల్ల."

పెళ్లిలో మార్చిన సెల్లును ఇక్కడ ఎవరూ జోడు తప్పిన సెల్లు అనుకోరు. మొన్నటికి నేరం ఒకటే. నిన్న నేను రెండు చేశాను.

ఆసుపత్రి పంటుకు వెళ్లాను. నూకరాజుకి తన వాటా లేదు. తాయారు తన వాటా మందు సగం చేసి, ఆసుపత్రి బుర్రలో పోసి పట్టిస్తోంది. రెండు గొంతులకు ఒక గొంతు మందు. ఇద్దరికీ దగ్గు మొదలైంది.

"విన్నానండి మీ వార్త" అంది తాయారు, తల తిప్పకుండా. "ఆయన కూడా విన్నారు. సరిజోడు కాని సెల్లంట. మా మామ్మ సెల్లు. ఎక్కణ్ణుంచొచ్చిందో మాత్రం మీకు తెలవలేదా అండి?"

నూకరాజు కట్టులోంచి నా వైపు చూశాడు. కోపం ఉంటే బాగుండేది. అతను చూసింది పెళ్లిరోజు చూసినట్టే, ఇంటి పెద్దను చూసినట్టు. నేను చెప్పదలుచుకున్నది ఏదీ చెప్పకుండా బయటికి వచ్చాను. తాళ్ల వంతెన మీద ఎవరో నమస్కారం పెట్టారు. తిరిగి పెట్టాను.


పున్నమి

విచారణ పెద్ద పంటులో జరిగింది. పంచాయితీ పెద్ద మరిడమ్మగారు. చాపల మీద ఊరు ఊరంతా కూర్చుంది. నూకరాజును మడత మంచం మీద మోసుకొచ్చారు.

శేషగిరి తన పాత నివేదికే చదివాడు. చివర్లో, "తర్వాత విప్పి చూడగా డైరెక్టు కొట్టిన గుర్తులు లేవండి. సెల్లు మాత్రం వేరేది" అన్నాడు.

"మరి మొదట్లో కొట్టాడని ఎలా రాశావయ్యా?" అంది మరిడమ్మగారు.

"వార్తల్లో వచ్చిందండి."

కొందరు నా వైపు తిరిగారు. మరిడమ్మగారు తిరగలేదు. "సెల్లు ఎక్కడిది?" అని నూకరాజునే అడిగింది. అతను నోరు తెరవబోయాడు, గొంతు రాలేదు. "నువ్వు చెప్పమ్మా" అని తాయారును అడిగింది.

తాయారు చాప మీద గీతలు చూస్తూ కూర్చుంది. చెప్పలేదు. దొంగ సెల్లు అని తేలినా మొగుణ్ణి గట్టుకే పంపుతారని తెలిసీ చెప్పలేదు. పెళ్లి చేసిన చేతుల మీద నిండు సభలో తప్పు మోపడం ఆమె పెంపకంలో లేదు. ద్వాదశి నాడు ఆసుపత్రిలో అడిగింది, ఇక్కడ అడగదు. ఆ మర్యాద చాటున ఇంకొక్క నిమిషం కూర్చుంటే తీర్పు అయిపోయేది.

లేచాను.

"సెల్లు మార్చింది నేను. పెళ్లిలో, అందరి ముందూ. నిండు సెల్లూ సగం సెల్లూ, పాతదీ కొత్తదీ కలిపాను. అతను చేసిన తప్పేమీ లేదు. డైరెక్టు కొట్టాడని చెప్పిందీ నేనే, విప్పి చూడకుండా. దశమి నాటికే నాకు సంగతి తెలుసు. ఏకాదశి నాడు వార్తల్లో నా పేరు దాచి చదివాను."

వెనక నుంచి ఒక ముసలాయన, "అది తప్పెలాగవుద్దండి, ఆచారం కదా. నా బుర్రలో మా ఆవిడ సెల్లే ఉంది, నిక్షేపంగా ఉన్నాను" అన్నాడు.

"వేడెక్కుద్దా?" అంది మరిడమ్మగారు.

"కొంచెం ఎక్కుద్దండి. ప్రేమనుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. మరిడమ్మగారు తన నడుముకు కట్టుకున్న బుర్రను విప్పి, చెయ్యి చాపినంత దూరంలో నేల మీద పెట్టింది. ఆమె పక్కనున్న ఆయన కూడా పెట్టాడు. తర్వాత వరసలో వాళ్లు. జేబుల్లోంచి, ఒళ్లోంచి, కొంగు ముడుల్లోంచి తీసి జనం మెల్లగా, చప్పుడు కాకుండా, నిద్రపోతున్న పసివాళ్లను దించినట్టు దించారు. చాలావాటి మూతలు నేను తెరిచి మూసినవే.

నూకరాజు వాటా ఈ రోజు నుంచే ఇవ్వాలని తీర్మానించారు. ఆగిన రోజుల వాటా కూడా కలిపి ఇస్తారు. శేషగిరి ఇకనుంచి సెల్లులను విడివిడిగా కొలవాలి. నా సంగతి వచ్చేసరికి మరిడమ్మగారు, "సెల్లు మార్చినందుకు నిన్ను గట్టుకి పంపితే, మార్పించుకున్నందుకు మేమందరం నీ వెనకే రావాలి. పొద్దుట వార్తల్లో ఇదంతా నీ పేరు పెట్టి చదువు. తర్వాత ఇంటింటికీ తిరిగి, మార్చినవన్నీ తీసేసి జోడు సెల్లులు వెయ్యి. మైకు సంగతి ఆ తర్వాత ఆలోచిద్దాం" అంది.

గట్టుకి పంపరని తెలిసిన క్షణంలో నా ఒళ్లు తేలికపడింది. అతనికి వాటా వచ్చిందని విన్నప్పుడు అంత తేలికపడలేదు. ఇది కూడా రాసి ఉంచుతున్నాను.


బహుళ తదియ

పాడ్యమి పొద్దున వార్త చదివాను. ఏకాదశి నాడు పక్కన పెట్టిన కాగితంలోని మూడు వాక్యాలూ, వాటి తర్వాత సెల్లులు ఎలా జోడించకూడదో. ఒకే కొనుగోలులో వచ్చిన రెండు సెల్లులను ఎప్పుడూ కలిపే వాడాలి, కలిపే ఛార్జింగ్ పెట్టాలి. తొడుగు చిరిగితే వాడకూడదు. వేడెక్కితే ఇసుకలో పెట్టాలి.

అప్పటి నుంచీ పంటు పంటుకూ తిరుగుతున్నాను. కొందరు మంచినీళ్లు ఇచ్చారు. కొందరు తలుపు సగమే తీసి బుర్రలు బయటికి అందించారు. ఒకావిడ భర్త పోయిన ఏడాదే పోయాడు. ఆయన సెల్లు తీయనివ్వనంది. వాడకుండా డబ్బాలో దాచుకోమని చెప్పి, కొత్త జోడు ఇచ్చి వచ్చాను.

పడమటి వరస చివర్లో పెట్టుకున్నాను. దగ్గర దారి అదే అయినా చుట్టూ తిరిగి చివరికి వెళ్లాను.

నూకరాజు కొత్త పరదా కింద కూర్చుని ఉన్నాడు. అతనికి కొట్టువాళ్లు కొత్త బుర్ర ఇచ్చారు. ఎడమ చేత్తో పట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. గడ్డం మీది చర్మం ముడుచుకుపోయి నోరు ఒక పక్కకు లాగుతోంది. దగ్గు తగ్గింది.

"రండి, కూర్చోండి" అంది తాయారు. పీట వేసింది.

కూర్చుని జోడు సెల్లులు సంచిలోంచి తీశాను. ఆమె మామ్మ బుర్ర తెచ్చింది. దశమి నుంచీ అది ఖాళీగానే ఉంది. మూత తెరవడానికి చెయ్యి చాపాను. ఆమె బుర్రను తన ఒళ్లోకి జరుపుకుంది.

"మీరొద్దండి. ఎలాగో చెప్పండి, నేనే వేసుకుంటాను."

గొంతులో కోపం లేదు. పీట వేసినప్పటి గొంతే.

చెప్పాను. మిట్ట ఉన్న కొన ఎటో, చదునైన కొన ఎటో. తొడుగు గీసుకోకుండా ఎలా జారవిడవాలో. ఆమె ఒక సెల్లు పెట్టింది, దాన్ని నూకరాజుకు చూపించింది. అతను తల ఊపాక రెండోది పెట్టింది. మూత బిగించింది. దీపం వెలిగింది. బుర్రను చెంపకు ఆనించుకుని, వేడెక్కుతుందేమోనని చాలాసేపు చూసింది.

నా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.